అటు వైపు నుంచి చదవవలసిన కథ



మాది బలసముద్రం. తుమకూరు జిల్లా, పావగడ తాలూకా. పటంలో మా తాలూకా రంగు కర్ణాటక రంగే కాని, చుట్టూ చూస్తే దాదాపు అన్ని వైపులా ఆంధ్ర ఊళ్ళే. మడకశిరకు పోవాలన్నా, పెనుకొండకు పోవాలన్నా, కళ్యాణదుర్గానికి పోవాలన్నా మాకు పొరుగూరికి పోయినట్టే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అమ్మను అన్నం అడిగేది తెలుగులో, లెక్కల్లో ఎక్కాలు అప్పజెప్పేది కన్నడంలో. ఇటువంటి సీమలో పుట్టి, ఇక్కడే బి.ఇడి. చదువుకొని, ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఈ పూట మీతో బొమ్మల కథల గురించి మాట్లాడాలని వచ్చాను. అందులోనూ ఆ కథల్లోని ప్రేమ గురించి, పెద్దలు వద్దన్న ప్రేమ గురించి.

ఇదేమి విషయమయ్యా, ఐవారుగా ఉండి పిల్లల ప్రేమకథల గురించి రేడియోలో చెబుతావా అని మీలో కొందరు అనుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నవాణ్ణే. అలా అనుకొని ఒక పొరపాటు చేశాను. ఆ పొరపాటు చెప్పుకోవడానికే ఈ ప్రసంగం. కాని దానికి ముందు కొంచెం వెనక్కి పోవాలి.

నాకు తెలుగు అక్షరాలు బడిలో ఎవరూ నేర్పలేదు. చందమామ నేర్పింది. బడి గ్రంథాలయానికి కన్నడ చందమామ వచ్చేది. హిందూపురంలో ఉన్న మా మేనమామ సెలవులకు వచ్చినప్పుడు తెలుగు చందమామ తెచ్చేవాడు. ఒకే సంచిక రెండు భాషల్లోనూ చేతికి దొరికితే నాకు పండుగ. బొమ్మలు ఒకటే. అదే రాజు, అదే మర్రిచెట్టు, భుజాన శవాన్ని వేసుకొని నడిచే అదే విక్రమార్కుడు. కింద మాటలు మాత్రం వేరే లిపి. కన్నడంలో చదివిన కథను తెలుగు పుటలో బొమ్మ పక్కన పెట్టుకొని, ఇది క, ఇది మ అని కూడబలుక్కున్నాను. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే కనుక ఆట్టే కష్టపడలేదు. నా వయసువాళ్ళలో మా సీమలో ఇలా తెలుగు నేర్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ మాటలు వింటూ వాళ్ళు ఇప్పుడు నవ్వుకుంటూ ఉంటారు.

చందమామ 1947 జూలైలో తెలుగు, తమిళాల్లో మొదలైంది. కొద్ది కాలానికే కన్నడంలోకి వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు దాన్ని నడిపారు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980 దాకా దానికి చాకిరీ చేశారు. 2013 ప్రాంతంలో అది ఆగిపోయింది. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ కథలను ఇప్పుడు తిరగేసి చూడండి. పిల్లల పత్రిక అంటామే గాని, అందులో సగం కథలు పెళ్ళి కథలే. రాజకుమారిని రైతు కొడుకు ప్రేమిస్తాడు. రాజు గారు ఒప్పుకోరు. మూడు పరీక్షలు పెడతారు. కుర్రవాడు గెలుస్తాడు. లేదా చివర్లో ఒక ముసలమ్మ వచ్చి, వీడు రైతు కొడుకు కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన పొరుగు దేశపు యువరాజు అని చెబుతుంది. అందరూ సంతోషిస్తారు.

అదే పెద్దలు తీసిన పాతాళభైరవి 1951లో వచ్చింది. అదీ ఇదే కథ. తోటవాడి కొడుకు రాముడు ఉజ్జయిని రాకుమారిని కోరుకుంటాడు. ప్రాణం తీయించవలసిన రాజు, నాకు సరితూగే సిరిసంపదలు తెచ్చుకో, పిల్లనిస్తానంటాడు. మా చిన్నప్పుడు ఊళ్ళో పెళ్ళిళ్ళకు తెర కట్టి ఆడించేవాళ్ళు. సెనక్కాయలు ఒలుచుకుంటూ ఎన్నిసార్లు చూశామో! అప్పుడు తట్టలేదు గాని, పాఠాలు చెప్పే వయసు వచ్చాక ఒక సందేహం వచ్చింది. ఈ కథలన్నింటిలో గోడ పడిపోదు. కుర్రవాడు గోడ దూకి అటు వైపు చేరుకుంటాడు, అంతే. గోడ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. వాడు సంపన్నుడైతేనే, లేదా రాజు కొడుకని తేలితేనే పెళ్ళి. తేలకపోతే? చందమామ ఆ ప్రశ్న అడగలేదు. అడగకుండా ఉండటం తెలియకనా, తెలిసీనా అనేది నేను చెప్పలేను. ఎంతో హాయిగా మాత్రం చెప్పింది.

పాత బేతాళ కథలు మాత్రం కొంచెం కఠినమైనవి. ఇరవై అయిదింట్లో ఒకటి గుర్తు చేస్తాను. ఒక వర్తకుడి కూతురు, కొరత వేయడానికి తీసుకుపోతున్న దొంగను మేడ మీద నుంచి చూసి మనసు పడుతుంది. వాణ్ణి విడిపించు, లేకపోతే నేనూ బతకనని తండ్రితో అంటుంది. తండ్రి తన ధనమంతా ఇస్తానన్నా రాజు వినడు. ఈ సంగతి కొయ్య మీద ఉన్న దొంగ చెవిన పడుతుంది. వాడు మొదట ఏడుస్తాడు, తర్వాత నవ్వుతాడు. ఎందుకు ఏడ్చాడు, ఎందుకు నవ్వాడు అని బేతాళుడి ప్రశ్న. ఏ సంబంధమూ లేని తన కోసం ఇంత చేసిన ఆ తండ్రి రుణం తీర్చుకోలేనే అని ఏడ్చాడు, ఆడదాని మనసు ఎంత చిత్రమైనది అని నవ్వాడు అని విక్రమార్కుడి జవాబు. జవాబు సగం నాకు నచ్చుతుంది, సగం నచ్చదు. ఏడుపు సంగతి సరే. నవ్వు సంగతి ఆ అమ్మాయిని అడిగి ఉంటే ఏమనేదో! విక్రమార్కుడూ అడగలేదు, బేతాళుడూ అడగలేదు. ఆ ఇద్దరి బొమ్మను మన కళ్ళకు కట్టిన చిత్రకారుడు శంకర్ గారు 2020లో, తొంభై ఏళ్ళు దాటిన వయసులో కన్నుమూశారు. ఆయన గీసిన ఆడవాళ్ళ ముఖాలు గుర్తున్నాయా? తల వంచుకొని ఉన్నా, కళ్ళు మాత్రం ఏదో అడుగుతూ ఉంటాయి.

గళ్ళు గళ్ళుగా, మాటలు బుడగల్లో పెట్టి చెప్పే కథలు మా ఊరికి కన్నడంలోనే వచ్చాయి. బాలమంగళలో డింగ ఒకడు. ఆ తర్వాత అమర చిత్రకథ. ఆ పుస్తకాల వరుసను కార్కళలో పుట్టిన అనంత్ పై గారు 1967 నుంచి దేశమంతా వ్యాపింపజేశారు. ఆ పేరుతో మొదటి పుస్తకాలు మాత్రం అంతకు ముందే, 1965లో, బెంగళూరులో జి.కె.అనంతరామ్ గారి చొరవతో కన్నడంలో వచ్చాయి. సిండ్రెల్లా వంటి పరదేశపు కథలవి. ఆ తర్వాత మన కథలు వచ్చాయి. శకుంతల, నలదమయంతి, సావిత్రి, రుక్మిణి. ఒకసారి ఈ పేర్లు వరుసగా చెప్పుకొని చూడండి. శకుంతల తండ్రి ఇంట్లో లేనప్పుడు గాంధర్వ వివాహం చేసుకుంది. సావిత్రి ఏడాదిలో చనిపోతాడని తెలిసినవాణ్ణి, నారదుడు వద్దన్నా, తండ్రి వద్దన్నా, చేసుకుంది. రుక్మిణి అన్న మాట కాదని కబురు పంపింది. ఈ పుస్తకాలను మనం పిల్లలకు బహుమతులుగా ఇస్తాం. బడి వార్షికోత్సవంలో నేనే ఎన్నో ఇచ్చాను. అవే పనులు మన వీధిలో అమ్మాయి చేస్తే ఏమంటాం? ఆ మాట మీ ఇంట్లో మీరే అనుకోండి.

వీటన్నింటిలో నాకు ఇష్టమైనది ఉషాపరిణయం. పోతన గారి భాగవతంలో ఉంది, మన యక్షగానాల్లో ఉంది, సినిమా కూడా వచ్చింది. బాణాసురుడి కూతురు ఉష కలలో ఒక యువకుణ్ణి చూస్తుంది. పేరు తెలియదు, ఊరు తెలియదు. చెలికత్తె చిత్రలేఖ, నువ్వు చూసినవాడు ఎవరో నేను గీసి చూపిస్తాను, గుర్తుపట్టు అంటుంది. దేవతలను గీస్తుంది, గంధర్వులను గీస్తుంది, రాజులను గీస్తుంది. యాదవుల దగ్గరికి వచ్చేసరికి ఉష తల వంచుకుంటుంది. అనిరుద్ధుడి బొమ్మ దగ్గర ఇక తల ఎత్తలేకపోతుంది. ఆలోచించండి. మాటల్లో చెప్పలేని ప్రేమను ఒక ఆడపిల్ల బొమ్మలు వేసి బయటపెట్టిన కథ ఇది. వరుసగా ఒకదాని తర్వాత ఒకటి వేసిన బొమ్మలు. తర్వాత తండ్రికి తెలిసింది, నాగపాశాలు, చెర, యుద్ధం. అవన్నీ మగవాళ్ళ పనులు. కథ జరిగింది చిత్రలేఖ కుంచెలో.

మన సీమకు ఇది కొత్తా? హిందూపురం దాటి లేపాక్షికి పోయినవాళ్ళు తలెత్తి చూసే ఉంటారు. పదహారో శతాబ్దంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం పైకప్పులో పొడుగాటి పట్టీలు పట్టీలుగా కథలున్నాయి. కిరాతార్జునీయంలో అదే అర్జునుడు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు. పార్వతీ పరమేశ్వరుల కళ్యాణం ఉంది. పెద్ద కళ్ళు, పక్కకు తిరిగిన ముఖాలు, చీరల అంచులు. మెడ నొప్పి పుట్టేదాకా చూసి, మా పిల్లలతో, చూడండి, మీ కామిక్స్ ఇవే అన్నాను ఒకసారి. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బొమ్మలతో కథ చెప్పడం, ఆ కథలో ప్రేమ ఉండడం మనకు పరాయి సంగతులు కావు.

ఇక నా పొరపాటు.

2022 జూలై. కరోనా తర్వాత బళ్ళు సరిగ్గా నడవడం మొదలైన కాలం. నేను పని చేసిన బడి ఏదో చెప్పను. ఆ అమ్మాయి పేరూ, ఊరూ చెప్పను. ఈ ప్రసంగం ఒప్పుకొనే ముందు ఆమెను అడిగాను. పేరు చెప్పకపోతే చెప్పుకోండి సార్ అంది. తొమ్మిదో తరగతి. నెమ్మదైన పిల్ల, లెక్కల్లో చురుకు. ఆ రోజు సమాజ విజ్ఞానం పాఠం జరుగుతుంటే బల్ల కింద ఏదో గీస్తోంది. నోటుపుస్తకం తీసుకున్నాను. స్టాఫ్ రూములో కూర్చొని తిరగేశాను.

పుస్తకం నిండా బొమ్మలు. గళ్ళు గీసి, చక్కగా, పెన్సిలుతో. మాటల బుడగలున్నాయి గాని వాటిలో మాటలు లేవు, చిన్న చిన్న బొమ్మలున్నాయి. మొదటి పుటలో ఒక అమ్మాయి తన ఇంట్లో దీపం దగ్గర కూర్చొని చదువుకుంటోంది. తర్వాత పుటల్లో తలుపు, ఆ వెనక ఏడుస్తున్న తల్లి. ఆ తర్వాత చెరువు కట్ట మీద నలుగురు మనుషులు వేలు చూపిస్తున్నారు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరికొకరు కాగితాలు ఇచ్చుకుంటున్నారు. ఆఖరి పుటలో అమ్మాయి, అబ్బాయి ఒకే బస్సులో. బస్సు నుదుటి మీద మడకశిర అని కన్నడంలో రాసి ఉంది. అబ్బాయి ఇల్లు కూడా ఒక గడిలో ఉంది. ఊరి కుళాయి అవతల, విడిగా ఉన్న ఇళ్ళ వరుసలో. ఆ ఇళ్ళ వరుస ఎవరిదో మన ఊళ్ళల్లో చిన్నపిల్లాడికైనా తెలుసు.

నాకు గుండె దడదడలాడింది. చదువుకుంటున్న పిల్ల, తల్లిని ఏడిపించి, ఇల్లు విడిచి, బస్సెక్కి పోతోంది! ఇది కథ కాదు, పథకం అనుకున్నాను. మర్నాడే తండ్రిని పిలిపించి పుస్తకం ఆయన చేతికి ఇచ్చాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. ఆయన అక్షరాలు రాని మనిషి. కాని బొమ్మలకు అక్షరాలు ఎందుకు? నేను పుటలు తిప్పుతూ చూపించాను. కుళాయి గడి దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. ఏమీ మాట్లాడలేదు. పుస్తకం మడిచి చంకన పెట్టుకొని వెళ్ళిపోయాడు.

మరునాటి నుంచి పిల్ల బడికి రాలేదు. వారం తర్వాత తెలిసింది, మేనమామకు ఇచ్చి చేయాలని మాటలు నడుస్తున్నాయని. ఆ పిల్లకు అప్పటికి పద్నాలుగేళ్ళు.

చట్టం నాకు తెలుసు. ఆడపిల్లకు పద్ధెనిమిది నిండనిదే పెళ్ళి కూడదు. 2016 నాటి సవరణ తర్వాత కర్ణాటకలో అటువంటి పెళ్ళి మొదటి నుంచీ చెల్లనే చెల్లదు. తోటి ఉపాధ్యాయురాలు ఒకరిని వెంటబెట్టుకొని వాళ్ళింటికి పోయాను. చట్టం చెప్పాను. తండ్రి నింపాదిగా విన్నాడు. "ఐవారూ, పుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది మీరే గదా. ఇప్పుడు చట్టం తెచ్చినారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పిల్ల తలుపు చాటున ఉంది. మేము లేచి చెప్పులు వేసుకుంటుంటే, "సార్, మీరు అటు నుంచి చదివినారు" అంది. అంతే. తల్లి లోపలికి పిలిచింది.

ఆ మాట అర్థం చేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. తుమకూరులో డిగ్రీ చదువుతున్న నా పాత విద్యార్థికి ఫోన్ చేసి అడిగితే నవ్వాడు. సార్, అది మాంగా పద్ధతి. జపాన్ వాళ్ళ బొమ్మల పుస్తకం కుడి నుంచి ఎడమకు చదవాలి. మనకు ఆఖరి పుట ఏదో, వాళ్ళకు అది మొదటి పుట అన్నాడు. నోటుపుస్తకాన్ని ఆ పిల్ల వెనక నుంచి మొదలుపెట్టిందన్న మాట. నేను కథను తలకిందులు చేసి చదివాను.

శ్రోతలారా, మీ ఇళ్ళల్లో పిల్లలు చూసే డోరేమాన్ ఉందే, టీవీలో తెలుగులో మాట్లాడుతుంది, అదీ ఒక మాంగాయే. 1969 చివర జపాన్ పిల్లల పత్రికల్లో మొదలైంది. దాని మొదటి కథే పెళ్ళి గొడవ. పెద్దయ్యాక నోబితాకు వేరే అమ్మాయితో పెళ్ళి రాసిపెట్టి ఉంటే, ఆ రాత మార్చి షిజుకాను ఇప్పించడానికి ఆ నీలి పిల్లి భవిష్యత్తు నుంచి వస్తుంది. మన పిల్లలు ఇది అన్నం తింటూ చూస్తారు, మనం పక్కనే కూర్చుంటాం, ఎవరికీ అభ్యంతరం లేదు. కరోనా రోజుల్లో పాఠాల కోసం ఇంటికొక ఫోను వచ్చింది. పాఠాలతో పాటు ఇవీ వచ్చాయి. మా ఊళ్ళో సెనక్కాయ పండిన నేలల్లో ఇప్పుడు సోలార్ పలకలు పరిచి ఉన్నాయి. 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్లు. ప్రపంచం మా ఊరి ఎండను తీసుకుపోయి, బదులుగా ఫోనులో జపాన్‌ను పంపింది అనుకుంటాను నేను అప్పుడప్పుడు.

ఆ తర్వాత నేను కొన్ని చదివాను. ఆ పిల్ల ఏం చదివిందో తెలుసుకోకుండా ఆమెతో మాట్లాడే అర్హత నాకు లేదనిపించింది. వాటిలో ఒకటి మీకు చెప్పాలి. రియోకో ఇకెదా అనే రచయిత్రి పాతికేళ్ళైనా నిండని వయసులో, 1972లో, మార్గరెట్ అనే ఆడపిల్లల వారపత్రికలో మొదలుపెట్టింది. పేరుకు మన భాషలో వెర్సాయ్ గులాబి అని అర్థం. ఫ్రాన్సు విప్లవం నాటి కథ. మగపిల్లవాడు లేడని ఒక సేనాని తన కడసారి కూతురిని కొడుకులా పెంచుతాడు. పేరు ఆస్కర్. రాణి గారి అంగరక్షక దళానికి నాయకురాలు అవుతుంది. ఆమె వెంట చిన్నప్పటి నుంచీ ఆంద్రే ఉంటాడు. వాళ్ళింటి దాది మనవడు. గుర్రాలు చూసేవాడు. ఆమెను ప్రేమిస్తాడు, చెప్పలేడు. ఎందుకంటే ఆమె దొరసాని, వాడు నౌకరు. ఇటు రాణి గారేమో రాజు గారు ఉండగానే స్వీడన్ దొర మీద మనసు పడుతుంది. ఆమె బాధ ఆమెది. చివరకు 1789 జూలైలో ఆస్కర్ తన హోదా విడిచి జనం పక్షాన నిలబడుతుంది. ఆంద్రే కాల్పుల్లో చనిపోతాడు. మరునాడు బాస్టీల్ కోట దగ్గర ఆమె చనిపోతుంది.

ఇందులో ఆంద్రే ఎవరో రాజు కొడుకని తేలదు. దాది మనవడుగానే ప్రేమించాడు, దాది మనవడుగానే పోయాడు. అటు వైపు చేరినవాడు వాడు కాదు. ఆమే గోడ దిగి ఇటు వచ్చింది. మన చందమామ కథకూ దీనికీ ఉన్న తేడా నాకు ఇక్కడ కనబడింది. జపాన్‌లో కూడా పెద్దలు కుదిర్చే సంబంధాలదే రాజ్యంగా ఉండేది. 1960 దశకం చివరికి గాని తమకు తాము కుదుర్చుకున్న పెళ్ళిళ్ళు వాటిని దాటలేదు. ఆ మార్పు జరుగుతున్న కాలంలోనే ఈ ఆడపిల్లలు ఆడపిల్లల కోసం ఈ బొమ్మలు గీశారు. ప్రేమ మాట వచ్చే చోట గడి గీతలు తెగిపోతాయి, పూలు పుటంతా రాలతాయి, కళ్ళల్లో చుక్కలు మెరుస్తాయి. మొదట చూస్తే నాకు నవ్వు వచ్చింది. మన సినిమాల్లో రెండు పూలు దగ్గరికి వచ్చి తాకేది గుర్తొచ్చాక నవ్వు ఆగిపోయింది.

అన్నీ ఇలాంటివేనా అంటే కాదు. చెత్త బోలెడంత ఉంది. పిల్లలకు తగని బొమ్మలూ, ఆడపిల్లను ఏడిపించడమే ప్రేమ అని చూపించేవీ ఉన్నాయి. అవి ఫోనులో వీటి పక్కనే ఉంటాయి. ఆ సంగతి దాచి మీతో మాట్లాడితే నేను ఉపాధ్యాయుణ్ణి కాను. అమెరికాలో ఇదే భయం 1954లో ముదిరింది. ప్రేమ కామిక్స్ అక్కడ 1947లో మొదలై దుకాణాలు నిండిపోయాయి. నేరాల కథలు, దయ్యాల కథలు వాటికి తోడు. ఒక మానసిక వైద్యుడు వీటి వల్లే పిల్లలు చెడిపోతున్నారని పుస్తకం రాశాడు, సెనేటు విచారణ జరిపింది. ప్రచురణకర్తలే భయపడి ఒక నియమావళి పెట్టుకున్నారు. ప్రేమకథ అంటే ఇంటి గౌరవాన్ని, వివాహపు పవిత్రతను చాటాలి అన్నది అందులో ఒక నియమం. అర్ధశతాబ్దానికి పైగా ఆ ముద్ర పుస్తకాల మీద ఉండి, 2011లో పూర్తిగా పోయింది. ఆ కాలమంతా అక్కడ పిల్లలు ప్రేమించుకోవడం మానేశారా? నేను పుస్తకం లాక్కున్నది కూడా ఆ పద్ధతే. ఒక తేడా ఉంది. వాళ్ళు చదివి నిషేధించారు. నేను సరిగ్గా చదవను కూడా లేదు.

నాలుగోసారి వాళ్ళింటికి పోయినప్పుడు దీపావళి దాటింది. ఈసారి చట్టం మాట ఎత్తలేదు. ఆ పుస్తకం ఉందా అని అడిగాను. తండ్రి దూలం సందులోంచి తీసి ఇచ్చాడు. చింపలేదు. దానికి ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. అరుగు మీద కూర్చొని, వెనక వైపు నుంచి పుటలు తిప్పాను. అమ్మాయి, అబ్బాయి బడి నుంచి వస్తూ బస్సులో ఒకరినొకరు చూసుకున్నారు. కాగితాలు ఇచ్చుకున్నారు. ఆమె రాసింది కన్నడం, వాడు రాసింది తెలుగు. ఇంట్లో ఇద్దరిదీ ఒకే మాట, కాని ఒకరి రాత ఒకరికి రాదు. వాడు ఆంధ్ర వైపు బడిలో చదివినవాడు. అందుకే బొమ్మలు వేసుకున్నారు. అందుకే బుడగల్లో బొమ్మలు. చెరువు కట్ట మీద ఊరివాళ్ళు చూశారు. తల్లి ఏడ్చింది. తలుపు మూసింది. ఆ తర్వాత తలుపు తెరిచింది. ఆఖరి పుటలో అమ్మాయి తన ఇంట్లో, దీపం దగ్గర, పుస్తకం ముందు.

తండ్రి చాలాసేపు ఆ దీపం బొమ్మనే చూశాడు. "అయితే బిడ్డ ఇంట్లోనే ఉందా?" అన్నాడు. ఉందన్నాను. తర్వాత పుటలు తనే వెనక్కి తిప్పి, కుళాయి గడి మీద వేలు పెట్టి, "అయినా, వీడెవడు?" అన్నాడు. కథలో వాడు స్వామీ అన్నాను. ఆయన నమ్మాడని చెప్పలేను. ఎస్.ఎస్.ఎల్.సి. దాకా పంపుతానన్నాడు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత అన్నాడు. మేనమామ మాట అక్కడికి ఆగింది. నాలుగు నెలల పాఠాలు పోయాయి. అవి సాయంత్రాలు కూర్చోబెట్టి మేమిద్దరం చెప్పాము.

2024లో ఆమె ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైంది. పి.యు.సి.లో చేరతానంటే తండ్రే వచ్చి దరఖాస్తు మీద వేలిముద్ర వేశాడు. మొన్న ఈ ప్రసంగం సంగతి అడగడానికి కలిసినప్పుడు, ఇంకా బొమ్మలు వేస్తున్నావా అమ్మా అన్నాను. "ఇప్పుడు వేసేది లేదు సార్" అంది. మన సీమ తెలుగు అది, కన్నడపు నడకతో. చదువు ఒత్తిడి అనుకున్నాను, కాకపోవచ్చు కూడా. అడగలేదు. నోటుపుస్తకం తిరిగి ఆమెకే ఇచ్చాను. ఇచ్చేటప్పుడు చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగేశాను. అమ్మా, అంతా కల్పించిన కథే కదా, ఆ అబ్బాయి ఇల్లు ఎక్కడైనా పెట్టి ఉండవచ్చు, కుళాయి అవతలే ఎందుకు పెట్టావు, అది లేకపోతే మీ నాయన అంత బాధపడేవాడు కాదు కదా అన్నాను.

ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుంటూ, "వాళ్ళ ఇండ్లు ఉండేది ఆడనే గదా సార్" అంది.